ఏఏజడ్ నంబరు బస్సు ఇప్పుడు దొరుకుతుందా?

ప్రశ్న అడిగినావిడ ఒక పాత ఫొటో పెట్టారు. ఖాకీ చొక్కాలో వాళ్ల తాతగారు ఆర్టీసీ బస్సు ముందు నిలబడి ఉన్నారు. నంబరు పలక మీద ఏఏజడ్ అన్న అక్షరాలు, ఒక అంకె కనపడుతున్నాయి. తక్కిన అంకెలు ఆయన మోకాలి వెనక ఉండిపోయాయి. దివిసీమ వైపు డ్రైవరుగా చేసి 1992లో రిటైరయ్యారట. ఇప్పుడు తొంభై దాటాయి, ఏదీ సరిగా గుర్తుండదు, కానీ పొద్దుగూకితే చాలు "నాలుగు నలభై పోతుంది, నాలుగు నలభై పోతుంది" అని లేచి కూర్చుంటారట. ఆ బస్సు ఏ కాలానిది, ఏ రకానిది, ఎక్కడన్నా మిగిలి ఉంటే తీసుకెళ్లి చూపిద్దామని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. బస్సు 1989కి ముందుది. ఎర్రబస్సే. ఇప్పుడు లేదు, వెతక్కండి. ఎప్పుడో వేలంలో తుక్కు కింద పోయి ఉంటుంది. కానీ మీ తాతగారు అడుగుతున్నది బస్సుని కాదమ్మా, సర్వీసుని. నాలుగు నలభై అనేది సర్వీసు. అది దొరికే అవకాశం ఉంది. ఎలాగో చివర్లో చెప్తాను.

నేను 1982లో డ్రైవరుగా చేరి 2015లో రిటైరయ్యాను. ముప్ఫై మూడేళ్లలో ఎక్కువ భాగం కృష్ణా జిల్లాలోనే. మొదట పల్లె రూట్లు, తర్వాత హైదరాబాద్ ఎక్స్‌ప్రెస్‌లు, ఆఖరి కొన్నేళ్లు ఏసీ బళ్లు. కాబట్టి నేను చెప్పేదంతా స్టీరింగ్ దగ్గర కూర్చున్నవాడి లెక్క. గ్యారేజీ వాళ్లు, కండక్టర్లు ఇదే మాట ఇంకోలా చెప్పొచ్చు.

నంబరు పలక సంగతి. 1988 మోటారు వాహనాల చట్టం 1989 జులై నుంచి అమల్లోకి వచ్చాక ఏపీ 9 లాంటి జిల్లా అంకె ఉన్న నంబర్లు మొదలయ్యాయి. అంతకు ముందు మూడక్షరాలు, నాలుగంకెలు. ఆర్టీసీ బళ్లకి మూడో అక్షరం జడ్. ఏపీజడ్, ఏఏజడ్, ఏబీజడ్ అలా ఉండేవి. కొత్త పద్ధతి వచ్చాక ఏపీ 9 జడ్, ఏపీ 10 జడ్, ఏపీ 11 జడ్, ఆ తర్వాత ఏపీ 28 జడ్, 29 జడ్ చూశాం. శ్రీకాకుళం డిపో బస్సుకైనా చిత్తూరు డిపో బస్సుకైనా పలక మీద ఉండేది హైదరాబాద్ చుట్టుపక్కల నంబరే. అందుకని నంబరు చూసి బస్సు ఏ ఊరిదో చెప్పలేం. ఊరు తెలియాలంటే బస్సు మీద రాసిన డిపో పేరు చూడాలి.

జడ్ ఎందుకని అడుగుతారు అందరూ. నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ తన తల్లి జహ్రా బేగం పేరు మీద పెట్టించాడని ఒక కథ ఉంది. నేను డ్యూటీలో చేరిన మొదటి వారంలోనే ఒక పెద్ద కండక్టరు చెప్పాడు, రిటైరయ్యే ముందు నేనూ కొత్తవాళ్లకి చెప్పాను. కథ బాగుంది, కథగానే ఉంచుకోండి. కథ కాని ముక్క ఒకటుంది: హైదరాబాద్ రాజ్యంలో 1932లో నిజాం రైల్వేకి అనుబంధంగా 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైన రోడ్డు రవాణా శాఖే మా సంస్థకి మూలం. అప్పటి ఆల్బియన్ బస్సు ఒకటి హైదరాబాద్ బస్ భవన్‌లో దాచి ఉంచారు. ముద్దుగా దక్కన్ క్వీన్ అంటారు. "పాత బస్సు ఒక్కటన్నా తాతగారికి చూపించాలి" అనుకుంటే అక్కడికి తీసుకెళ్లొచ్చు. కానీ అది ఆయన పుట్టకముందు బస్సు, ఆయనకి ఏమీ గుర్తు రాదు.

మన కృష్ణా జిల్లావాళ్లకి ఆ నిజాం బస్సుల వారసత్వం ఆలస్యంగా వచ్చింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ ఏర్పడింది. ఆ ముందంతా ఇక్కడ ప్రైవేటు బస్సులే. కృష్ణా జిల్లా రూట్లని జాతీయం చెయ్యబోతే బస్సుల యజమానులు సుప్రీంకోర్టుకి వెళ్లారు. అభ్యంతరాలు విన్నది కార్యదర్శి, నిర్ణయం తీసుకున్నది ముఖ్యమంత్రి, ఇదేం పద్ధతని కోర్టు కొట్టేసింది. గుల్లపల్లి నాగేశ్వరరావు కేసు అంటే లా చదివే పిల్లలు ఇప్పటికీ చెప్తారు. తర్వాత కర్నూలు జిల్లా రూట్ల కేసులో సుప్రీంకోర్టు చేసిన వ్యాఖ్యలకి 1964లో నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రి పదవే వదులుకున్నారు. బస్సు రూటు అంటే అంత పెద్ద వ్యవహారం. సరే, ఇది పక్కదారి.

బస్సు రకం. మీ ఫొటోలో ముందుభాగం సగమే పడింది. కంపెనీ గుర్తు కనపడితే లేలాండో టాటానో ఇట్టే చెప్పేవాణ్ని. ఆ రోజుల్లో మాకు రెండే కులాలు. లేలాండ్ బండి గట్టిది, బరువు లాగేది, గాలి బ్రేకు. ఆపినప్పుడు "ఉస్స్" మని ఊదేది. పల్లెల్లో పిల్లలు కళ్లు మూసుకుని ఆ ఊదుడు విని "లేలాండ్ వచ్చింది" అనేవారు. టాటాని పెద్దవాళ్లు అప్పటికీ "టాటా బెంజ్" అనే పిలిచేవారు, బెంజ్ వాళ్లతో పొత్తు పోయి పదిహేనేళ్లు దాటినా. టాటా చురుకైనది, గేర్లు సుళువు. లేలాండ్‌లో జపాన్ వాళ్ల హీనో ఇంజన్లు వచ్చాక ఈ తేడా చాలావరకు పోయింది.

పవర్ స్టీరింగ్ లేదు. ఇది ఇప్పటి కుర్రాళ్లకి చెప్తే అర్థం కాదు. నిండు బండిని ఊరి మధ్య రావిచెట్టు చుట్టూ తిప్పాలంటే సీట్లోంచి సగం లేచి, ఒళ్లంతా స్టీరింగ్ మీద వేసి లాగాలి. పాత డ్రైవర్ల భుజాలు చూడండి, ఒకటి కాస్త కిందకి జారినట్టుంటుంది. ఫొటోలో మీ తాతగారి కుడి భుజం అలాగే ఉంది. నంబరు పలక కంటే నాకు ముందు కనపడింది అదే.

ఇంజన్ డ్రైవరు పక్కనే, లోపలే. పైన బానెట్టు, దాని మీద మందపాటి రెగ్జిన్ కప్పు. శీతాకాలం తెల్లవారుజామున ఆ బానెట్టు మీద చోటుకి కొట్టుకునేవారు. వేసవి మధ్యాహ్నం దాని దగ్గరకి వచ్చేవాడు ఉండడు. మా ఊళ్ల వైపు ఒకాయన పొద్దున్నే పాలక్యాను తెచ్చి బానెట్టు మీద పెట్టబోయేవాడు. పాలు విరుగుతాయయ్యా అంటే "వేడి తగిలితే మంచిదేగా, నాయుడుగారు కాఫీ కాచుకుంటారు" అనేవాడు.

రంగు చూసి కాలం నిర్ణయించకండి. ఫొటో కింద ఒకాయన ఎరుపు చూసి "ఇది కచ్చితంగా 1985" అని రాశారు. బస్సుకి ఎన్నోసార్లు రంగు వేస్తారు. సర్వీసు మారితే రంగూ మారుతుంది. మా బస్సు బతుకు ఇలా ఉండేది: కొత్తగా వచ్చినప్పుడు దూరప్రాంతపు ఎక్స్‌ప్రెస్. కొన్ని లక్షల కిలోమీటర్లు తిరిగాక ఆర్డినరీ. దాన్నే తర్వాత పల్లె వెలుగు అన్నారు. ఇంకా అరిగాక స్పేరు బండి. ఏ బస్సన్నా రిపేరుకి వస్తే దాని బదులు పోవడం, జాతరలకి, తిరునాళ్లకి స్పెషల్ వెయ్యడం. ఆఖరికి వేలం. హైదరాబాద్ రోడ్డు మీద నేను కొత్తగా తోలిన బండినే ఎనిమిదేళ్ల తర్వాత నాగాయలంక రూట్లో తోలాను. గేరు రాడ్ మీద నా చెయ్యి పడితే ఎక్కడ అరిగిందో తెలిసింది.

మీ ఫొటోలో బస్సు ఎక్స్‌ప్రెస్సా ఆర్డినరీయా అన్నదానికి ఒక గుర్తు చెప్తాను. పక్క కిటికీలకి అడ్డంగా ఇనప ఊచలు కనపడుతున్నాయి, వెనక టాపు మీదకి నిచ్చెన కొస కూడా ఉంది. ఒక తట్ట అంచు కూడా కనిపిస్తోంది, కూరగాయలదో చేపలదో. ఎక్స్‌ప్రెస్ మీద తట్టలు ఉండవని కాదు, కానీ ఆ నిలబడ్డ తీరు, వెనక తాటాకు పాక చూస్తే అది పల్లె రూటు ఆర్డినరీ అని తొంభై పాళ్లు అంటాను.

ఆ ఆర్డినరీ బస్సులో ఏముండేదో మీ తరం వాళ్లకి రాయాలనిపిస్తోంది, విసుక్కోకండి. పైకప్పు పొడవునా ఒక తాడు. కండక్టరు లాగితే నా చెవి పక్కన గంట మోగేది. ఒక గంట ఆపు, రెండు గంటలు పోనియ్. తాడు తెగితే నోరే గంట: "హోల్డాన్!", "రై రై!". కండక్టరు చేతిలో టికెట్ల ట్రే. ఒక్కో ధరకి ఒక్కో రంగు కాగితపు కట్ట, చిల్లు కొట్టే పంచి. బస్సు దిగితే చొక్కాల మీద ఆ రంగు చుక్కలు. కిటికీలోంచి తువ్వాలు విసిరితే సీటు ఆ మనిషిదే, దాన్ని తీసి పక్కన పెట్టిన మగాడు ఆ దారిలో లేడు. లోపల రాతలు: పొగ త్రాగరాదు. చేతులు, తల బయట పెట్టరాదు. అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో, స్త్రీలను గౌరవించుట మన సంప్రదాయం. ఆ వాక్యం కింద స్త్రీల సీట్లో కూర్చుని నిద్ర నటించే పెద్దమనుషుల్ని అద్దంలో ఎన్ని వేలసార్లు చూశానో.

టికెట్లు ఇచ్చాకే బస్సు కదలాలి, అది రూలు. స్టేజీ దగ్గర ఎక్కినవాళ్లందరికీ టికెట్లు కొట్టి, ఎస్సార్ షీటు (టికెట్ల లెక్క రాసే కాగితం) మీద నంబర్లు రాసి అప్పుడు గంట కొట్టాలి. సంతరోజున అరవైమంది ఒక్కసారే ఎక్కితే ఏం చేస్తాడు ఆ కండక్టరు? అటు టైము, ఇటు చెకింగు. మధ్యలో నేను ఇంజన్ ఆపకుండా కూర్చుంటే డీజిల్ లెక్క పోతుంది. లీటరుకి ఎన్ని కిలోమీటర్లు ఇచ్చామో ప్రతి డ్రైవరు పేరు పక్కన డిపో బోర్డు మీద రాసేవారు. ఆ బోర్డు ముందు నిలబడటం పదో తరగతి ఫలితాలు చూసుకున్నట్టే.

బస్సు మోసింది మనుషుల్నే అనుకోకండి. తపాలా సంచి, పేపరు కట్టలు, టూరింగ్ టాకీసుకి వెళ్లే సినిమా రీళ్ల పెట్టెలు. ఆ పెట్టె రాకపోతే ఆ పూట ఆట లేదు. పండగ రోజున రీళ్ల పెట్టె ఉన్న బస్సుకి ఊరి బయటే పిల్లలు ఎదురొచ్చేవారు. అమ్మగారింటి నుంచి కూతురికి ఆవకాయ జాడీ కూడా డ్రైవరుకే అప్పజెప్పేవారు. "ఫలానా స్టేజీలో మా అల్లుడు నిలబడతాడు, పొట్టిగా ఉంటాడు" అని గుర్తు చెప్పి.

ఇప్పుడు నాలుగు నలభై దగ్గరకి వద్దాం.

సాయంత్రం నాలుగు నలభై కాదు అది, తెల్లవారుజాము. ఎలా చెప్తున్నానంటే, పొద్దుగూకగానే ఆయన కంగారు పడుతున్నారన్నారు కదా. పల్లెలో రాత్రి ఆగే బస్సు డ్రైవరు కంగారు అది. మేం నైటౌట్ అనేవాళ్లం, ఊళ్లోవాళ్లు నైట్‌హాల్ట్ బస్సు అనేవారు. రాత్రి ఎనిమిది తొమ్మిదింటికి ఆఖరి ట్రిప్పుగా ఊరు చేరుతుంది. బస్సు ఆ ఊళ్లోనే పడుకుంటుంది. డ్రైవరూ కండక్టరూ బస్సులోనే. తెల్లవారకముందే మొదటి బస్సుగా టౌనుకి బయల్దేరుతుంది. ఆ నైటౌట్ చేసే డ్రైవరు నిద్రపోయేటప్పుడు మనసులో ఒకే భయం: టైముకి లేస్తానా?

పగటి సర్వీసుకి గంట ఆలస్యమైతే జనం తిడతారు. తెల్లవారుజాము సర్వీసు పది నిమిషాలు తప్పితే ఊరి రోజే తప్పుతుంది. కూరలు మార్కెట్టుకి చేరవు, కాలేజీ పిల్లలకి మొదటి పీరియడు పోతుంది, ఆస్పత్రికి పోయేవాళ్లకి చీటీ దొరకదు. ఎవరింట్లోనూ గడియారం అక్కర్లేదు, బస్సు స్టార్టు చేసిన చప్పుడే గడియారం.

నా తప్పు ఒకటి చెప్తాను. 1986 ప్రాంతం. మోపిదేవికి అవతల ఒక పల్లెలో నైటౌట్. నాలుగు యాభైకి నా టైము. చలి, దోమలు, నిద్రపట్టక నాలుగున్నరకే స్టార్టు చేశాను. బస్సు దగ్గర నలుగురున్నారు. ఇంకెవరొస్తారులే అని నాలుగు నలభై అయిదుకి గేరు వేశాను. అయిదు నిమిషాలు ముందు, అంతే. మర్నాడు రాత్రి వెళ్లేసరికి ఒక ముసలమ్మ బస్సు మెట్టు మీద కూర్చుని ఉంది. కనకాంబరాల గంప ఒళ్లో పెట్టుకుని. వాడిపోయిన పూలు. తిట్టలేదు. "బాబూ, మీ గడియారం ముందుకి పోయిందా?" అంది. "లేదమ్మా, నేనే తొందరపడ్డాను" అన్నాను. "నేను బస్సు చప్పుడు విని బయల్దేరతాను నాయనా. నువ్వు చప్పుడు చేసి ఇరవై నిమిషాలన్నా ఉండాలి" అంది.

ఆ తర్వాత ఇరవై తొమ్మిదేళ్లలో నేను ఒక్క నిమిషం ముందు బస్సు తియ్యలేదు. ఆలస్యంగా తీశాను, చాలాసార్లు. ముందు మాత్రం తియ్యలేదు.

ఇంకో సంగతి. నైటౌట్ ఊళ్లో మాకు అన్నం ఎవరో ఒకరు పెట్టేవారు, వంతులవారీగా. అది ఎక్కడా రాసిపెట్టిన రూలు కాదు. వేసవిలో మామిడికాయ పప్పు, పులస దొరికే రోజుల్లో గోదావరి వైపు డ్రైవర్లకి యోగం, మాకేమో రొయ్యలు. పెళ్లిళ్లకి పిలిచేవారు. ఆ ఊరి పిల్ల బీయే ప్యాసయిందని నాకు మిఠాయి పెట్టింది, మూడేళ్లు నా బస్సులోనే కాలేజీకి వెళ్లిందని. మీ తాతగారు ఆ సీమలో చేశారంటే ఆయనకి ఏదో ఊళ్లో ఇలాంటి ఇల్లు ఒకటి ఉండే ఉంటుంది. మీకు తెలియని చుట్టరికం అది.

1990 మే తుపాను మీ తాతగారు ఉద్యోగంలో ఉండగానే వచ్చింది. 1977 ఉప్పెన చూసినవాళ్లు కనుక దివిసీమ జనం ఈసారి మాట విన్నారు. లోతట్టు ఊళ్ల నుంచి జనాన్ని తరలించడానికి మా బస్సులు తిరిగాయి. సీట్ల మీద మనుషులు, సీట్ల కింద కోళ్లు, బానెట్టు మీద పసిపిల్లలు. గాలికి కరకట్ట మీద బండి పక్కకి నెట్టేస్తుంటే స్టీరింగు వంచి పట్టుకుని తోలడం ఇప్పటికీ భుజానికి గుర్తే. ఆ రోజు టికెట్లు లేవు, గంటలు లేవు. ఈ మాట ఆయన దగ్గర ఎత్తి చూడండి. బస్సు నంబరు మర్చిపోయినా ఆ రాత్రి మర్చిపోయి ఉండరు.

తర్వాత వచ్చిన బళ్ల గురించి కూడా ఫొటో కింద కొందరు అడిగారు, క్లుప్తంగా చెప్తాను. వీడియో కోచ్‌లు వచ్చాయి. హైటెక్ అన్నారు, సూపర్ లగ్జరీ అన్నారు. పుష్‌బ్యాక్ సీటు మొదటిసారి చూసిన ఒకాయన సీటు విరిగిందనుకుని కండక్టరుకి క్షమాపణ చెప్పుకున్నాడు. అప్పట్లో విజయవాడ నుంచి హైదరాబాద్‌కి సూర్యాపేటలో టీ, గౌలిగూడలో దిగడం. గౌలిగూడ బస్టాండు నిజానికి విమానాలు పెట్టుకునే ఇనప షెడ్డు, నిజాం కాలంనాటిది. వానపడితే లోపల లక్ష డప్పులు మోగినట్టుండేది. 1994లో మూసీ మధ్య ఇమ్లీబన్‌లో మహాత్మాగాంధీ బస్ స్టేషన్ వచ్చాక దూరం బళ్లన్నీ అటు మారాయి. ఆ షెడ్డు 2018 జులైలో తనంతట తనే కూలింది. టీవీలో చూసి ఆ పూట అన్నం తినబుద్ధి కాలేదు. విజయవాడలో మాత్రం అంతకు ముందే, 1990లో, కృష్ణ ఒడ్డున పండిట్ నెహ్రూ బస్ స్టేషన్ కట్టారు.

గరుడ అని వోల్వో వచ్చినప్పుడు మాకు మళ్లీ పలక బలపం పట్టించారు. ఇంజన్ వెనకాల ఎక్కడో. అన్నేళ్లు చెవితో బండి తోలినవాణ్ని. ఇంజన్ గొంతు మారితే గేరు మార్చేవాణ్ని. ఆ చప్పుడే లేకపోయేసరికి మొదటి నెల నాకు చెవుడొచ్చినట్టుంది. కాలు ఆనిస్తే ఆగుతుంది, వేలు ఆనిస్తే తిరుగుతుంది. ప్రయాణికులకి హాయి, కాదనను. నాకు మాత్రం అది ఎవరో తోలుతుంటే పక్కన కూర్చున్నట్టు ఉండేది. ఆ తర్వాత వెన్నెల, ఇంద్ర, అమరావతి, ఎన్నో పేర్లు. 1999లో ప్రపంచంలో ఎక్కువ బస్సులున్న సంస్థగా గిన్నిస్‌కి ఎక్కాం. 2015 మేలో నిర్వహణ రెండుగా విడిపోయింది. అదే ఏడు నేను దిగిపోయాను. 2020 జనవరి నుంచి ఆంధ్రలో సిబ్బంది ప్రభుత్వోద్యోగులయ్యారు. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం, తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, మనకి 2025 ఆగస్టు 15 నుంచి. మొన్న మా ఆవిడ ఊరికే బస్సెక్కి అవనిగడ్డ దాకా వెళ్లొచ్చింది. "ముప్ఫై ఏళ్లు నువ్వు తిప్పలేదు, ప్రభుత్వం తిప్పింది" అంది.

బస్సు దొరకదు అన్నాను. ఒక మినహాయింపు ఉంది. వేలంలో కొన్నవాళ్లు ఇంజన్, ఇనుము తీసుకుని కొన్నిసార్లు పైడబ్బా వేరే అమ్ముతారు. కైకలూరు దారిలో ఒక చేపల చెరువు గట్టు మీద అలాంటి డబ్బా కాపలా గుడిసెగా చాలాకాలం ఉండేది. కాపలా కుర్రాడు లోపల మంచం వేసుకుని, కిటికీ ఊచలకి లుంగీ ఆరేసుకున్నాడు. స్త్రీలను గౌరవించుట దాకా అక్షరాలు ఉన్నాయి, మిగతాది తుప్పు. అలాంటిదొకటి దొరికినా అది మీ తాతగారిదని రుజువు చెయ్యడం నావల్ల కాదు, ఎవరివల్లా కాదు. పైగా ఫొటోలో ఉన్నంతమాత్రాన అది ఆయన రోజూ తోలిన బండి కానక్కర్లేదు. మాకు బండి ఏ రోజు ఏది వస్తే అదే. టైము మాత్రం డ్యూటీ చార్టు ప్రకారం ఏళ్ల తరబడి అదే. అందుకే ఆయనకి నంబరు గుర్తు లేదు, నాలుగు నలభై గుర్తుంది.

కనుక మీరు చెయ్యాల్సింది ఇది. ఫొటోని పెద్దది చేసి ముందు అద్దం పైన ఊరి బోర్డు చూడండి. మసకగా "...లంక" అన్న చివరి అక్షరాలు నాకు కనిపిస్తున్నాయి. నాగాయలంకే అని గట్టిగా అనను, దివిసీమలో లంకలకి కొదవలేదు. తాతగారి ట్రంకు పెట్టెలో పాత లాగ్‌షీట్లు, ఇత్తడి బ్యాడ్జి, డ్యూటీ చీటీ లాంటివి ఉన్నాయేమో వెతకండి. మేం ఏ కాగితమూ పారెయ్యం. డిపో పేరు దొరికితే ఆ డిపోలో కంట్రోలరుని అడగండి, "తెల్లవారుజాము నాలుగు నలభైకి మీకు నైటౌట్ ఏ ఊరి నుంచి వస్తుంది?" అని. మారి నాలుగు యాభయ్యో అయిదో అయి ఉండొచ్చు. ఎత్తేసి ఉండొచ్చు కూడా, ఆటోలు, బళ్లు వచ్చాక చాలా నైటౌట్లు పోయాయి. పోకుండా ఉంటే మాత్రం ఆయన్ని ముందురోజు సాయంత్రమే ఆ ఊరికి కారులో తీసుకెళ్లండి. డ్రైవరుకి ముందే చెప్పి ఉంచండి, మా వాళ్లు కాదనరు. డ్రైవరు వెనక సీటు కాదు, ఎడమవైపు ముందు సీట్లో కూర్చోబెట్టండి, స్టీరింగు కనపడేలా.

వెళ్లేముందు ఆయన్ని ఒక్క ప్రశ్న అడిగి ఇక్కడ రాయండి. "నాలుగు నలభైకి ఎక్కడి నుంచి?" అని కాదు, అది ఆయనకి తట్టకపోవచ్చు. "రాత్రి అన్నం ఎవరింట్లో?" అని అడగండి. ఆ ఇంటి పేరు చెప్తే ఊరు నేను చెప్తాను.